మేస్త్రి ఖాళీ చేసిన గది

ఇల్లు ఖాళీ చేయడమంటే సామాన్లెత్తి బండిలో వేయడమేనని అనుకునేవాళ్లు మేస్త్రి పనిని ఒక్కసారి దగ్గరుండి చూడాలి. గుమ్మంలో చెప్పులు విప్పి లోపలికి వచ్చాక రెండు మూడు నిమిషాలపాటు ఆయన దేన్నీ ముట్టుకోడు. చేతులు వెనక్కి కట్టుకుని గది గదికీ తిరుగుతాడు. ఏ బల్ల కాలు వదులుగా ఉంది, ఏ బీరువా తలుపు దానంతటదే తెరుచుకుంటుంది, ఏ అద్దం వెనక మేకు తుప్పుపట్టింది, అన్నీ ఆ తిరుగుడులోనే తేలిపోతాయి. మెట్ల మలుపు దగ్గర మోచేతిని గోడకానించి చూస్తాడు. కొలతల టేపు జేబులోనే ఉంటుంది గానీ బయటికి రాదు. ఆయన “పడుతుంది” అంటే పట్టినట్టే. “పడదు” అన్నాక కూడా పట్టించాలని చూసినవాళ్లు గోడకి సున్నం పోగొట్టి, బీరువాకి సొట్ట తెచ్చి, చివరికి ఆయన చెప్పినట్టే తలుపు ఊడదీశారు.

సామాన్లు తరలించే కంపెనీలో ఆయనకిది ఇరవయ్యారో ఏడు. మొదటి తొమ్మిదేళ్లు వీపు మీద మోశాడు. ఆ తర్వాత ఆరుగురి జట్టుకి పెద్దయ్యాడు. పేరు పెట్టి పిలిచేవాళ్లు క్రమంగా తగ్గిపోయి, ఇంటా బయటా మేస్త్రి అన్న మాటే మిగిలింది. పెద్దవాడైనా బరువు వైపు తనే పట్టుకుంటాడు; మెట్ల మీద ఫ్రిజ్ దిగుతోందంటే కింది మెట్టు మీద ఉండేది ఆయనే. కొత్త ఇంట్లో అన్నిటికన్నా ముందు ఒక కుర్చీ దింపిస్తాడు. ఆ ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లని అందులో కూర్చోబెట్టి, “మీరు చెయ్యి చూపించండి, మేం పెడతాం” అంటాడు. ఇల్లు మారే రోజున ముసలివాళ్లు అందరి కాళ్లకీ అడ్డమై, ఎక్కడ నిలబడాలో తెలియక గోడలకి అతుక్కుపోతారని ఆయన గమనించాడు. కంపెనీ నేర్పిన పాఠాల్లో ఇది లేదు.

ఆయనకి ఒక పంతం ఉంది. పాత ఇంట్లో ఏదీ మిగలకూడదు. జట్టుపెద్ద అయిన కొత్తలో ఒక రిటైరైన టీచరమ్మ ఇల్లు మార్చాడు. సాయంత్రానికి అంతా సర్దేశాక ఆవిడ తలుపుల వెనక వెతకడం మొదలుపెట్టింది. చనిపోయిన భర్త చేతికర్ర పాత ఇంట్లో స్నానాలగది తలుపు వెనకే ఉండిపోయింది. మేస్త్రి బండి తిప్పుకుని వెళ్లేసరికి కొత్తగా దిగినవాళ్లు దాన్ని చెత్తతోపాటు పారేశారు. ఆవిడ కోప్పడలేదు. “పోనీలే బాబూ” అంది, అంతే. ఆ ‘పోనీలే’ ఆయన్ని ఏళ్ల తరబడి వెంటాడింది. అప్పటినుంచీ ఇల్లు ఖాళీ అయ్యాక ఆయన ఒక్కడే మళ్లీ లోపలికి వెళ్తాడు. అటకల్లోకి చెయ్యి పోనిచ్చి తడుముతాడు, తలుపుల పైఅంచు మీద వేళ్లు నడిపిస్తాడు, గోడల్లోంచి మేకులు పీకి కాగితంలో పొట్లం కడతాడు. ఆఖరున నేల ఊడ్చి, బోసిపోయిన గదిని ఒకసారి తృప్తిగా చూసి తలుపు వేస్తాడు.

అలాంటి మనిషి కూతురికి దూరపు ఊళ్లో పశువైద్య కళాశాలలో సీటు వచ్చింది. ఒక్కతే పిల్ల, ఇంట్లో అందరికీ అమ్మడు. రెండున్నర గంటల దారి; హాస్టల్లో ఉండి చదవాలి. ఆ వార్త విన్న రోజునే మేస్త్రి కంపెనీలో మూడు రోజుల సెలవు చెప్పాడు, చిన్న లారీ ఒకటి అడిగి పెట్టుకున్నాడు, పద్దెనిమిదేళ్లుగా తనతో తిరిగే డ్రైవరుని మాట్లాడుకున్నాడు. లెక్కలేనన్ని ఇళ్లు మార్చిన చేతులు సొంత కూతురి విషయంలో ఏమాత్రం తగ్గకూడదనుకున్నాడు.

ఏమేం తెచ్చుకోవాలో రాసి కాలేజీవాళ్లు పంపిన కాగితాన్ని అమ్మడు ఫ్రిజ్ మీద అంటించింది. మేస్త్రి దాన్ని చదవలేదు. నిర్లక్ష్యం వల్ల కాదు. ఏమేం తీసుకెళ్లాలని ఆయన ఏ ఇంట్లోనూ అడిగి ఎరగడు. పిలిచినవాళ్లు అన్నీ తీసుకెళ్తారు. అందుకే కదా పిలిచేది.

ప్రయాణానికి ముందు రోజు తల్లీకూతుళ్లు డాక్టరు సర్టిఫికెట్ కోసం బయటికి వెళ్లారు. మూడు గంటలు పడుతుందన్నారు. మేస్త్రికి రెండు చాలు. డ్రైవరుని పిలిపించి, అట్టపెట్టెలు విప్పి, అమ్మడి గదిలోకి దిగాడు. పుస్తకాలు అడుగున, బట్టలు పైన. కుట్టుపని డబ్బా, విరిగిన రేడియో, చిన్నప్పటి బొమ్మలు, కిటికీ గట్టు మీద పేర్చిన రాళ్లు, అన్నిటికీ విడివిడిగా కాగితం చుట్టాడు. మంచం మరలు విప్పి సంచిలో వేసి, ఆ సంచిని మంచం కోడుకే కట్టాడు. పరుపు చుట్టి, మంచం కిందున్న ట్రంకుతోపాటు అలమర, బల్ల కూడా బయటికి చేర్పించాడు.

కిటికీ పరదాల దగ్గర డ్రైవరు కొంచెం తటపటాయించాడు. “మేస్త్రీ, ఇవి కూడానా? అక్కడి కిటికీ ఏ కొలతో ఏమో!”

“కొలత తర్వాత చూద్దాం. ఏదీ మిగలకూడదు.”

“మనం దింపేది హాస్టల్లో కదా, కాపురంలో కాదుగా?”

“నోరు కాదు, చెయ్యి ఆడించు.”

పధ్నాలుగు పెట్టెలయ్యాయి. ఒక్కోదాని మీద అంకె వేశాడు. గోడ మేకులు పీకాడు, నేల తడిగుడ్డతో తుడిచాడు. వాళ్లొచ్చే వేళకి గుమ్మం పక్కన నిలబడి, మంచి మార్కులొచ్చిన పిల్లాడిలా ఎదురుచూశాడు.

ముందు లోపలికి వచ్చింది భార్య. ఆవిడ ఆసుపత్రి లాండ్రీలో సూపర్‌వైజరు. దుప్పటి మడతలో మూల తప్పితే ఊరుకోని మనిషి. గది చూసి చేతిలో సంచి కింద పెట్టేసింది.

“ఏంటండీ ఇది? ఇంటి ఓనరు మనల్ని ఖాళీ చేయమన్నాడా?”

“పధ్నాలుగు పెట్టెలు. ఒక్క గుండుసూది వదల్లేదు చూడు,” అన్నాడు మేస్త్రి.

అమ్మడు తల్లిని దాటి గది మధ్యకి వెళ్లింది. అడుగుల చప్పుడు ఖాళీ గోడలకి తగిలి వెనక్కొచ్చింది. మంచం ఉన్నచోట నేల కొంచెం కొత్తగా, లేత రంగులో ఉంది. దాని చుట్టూ నడిచి, కిటికీలోంచి ఒకసారి బయటికి చూసి, తండ్రి వైపు తిరిగింది.

“బాగుంది నాన్నా,” అంది.

మేస్త్రి దాన్ని మెచ్చుకోలే అనుకున్నాడు. ఆ రాత్రి అమ్మడు ముందుగదిలో తల్లి పక్కన పడుకుంది. పడుకోవడానికి ఆమెకి మరో చోటు లేదు.

మర్నాడు పొద్దున్నే బయల్దేరారు. లారీ ముందు భాగంలో నలుగురూ ఇరుక్కుని కూర్చున్నారు. డ్రైవరు రోడ్డు మీది గుంతలకి తలో పేరు పెట్టి తిడుతున్నా అమ్మడు నవ్వలేదు. కొత్త చోటంటే బెరుకు, నాలుగు రోజులైతే అదే పోతుందనుకున్నాడు మేస్త్రి. సగం దారిలో టీ కోసం ఆగారు. గ్లాసులు చేతికొచ్చాక అమ్మడు డ్రైవరుతో చాలా మామూలుగా అంది.

“బాబాయ్, మా ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది. అద్దెకి ఎవరైనా ఉంటే చెప్పు.”

డ్రైవరు పగలబడి నవ్వాడు. “నీ గదా? మీ నాన్న నన్నే దిగమంటాడేమో!”

“దిగొచ్చు. తుడిచి రెడీగా పెట్టారు. నేను సెలవులకొస్తే ముందుగదిలో సర్దుకుంటాలే. అదీ రావాల్సొస్తే.”

డ్రైవరు నవ్వు సగంలో ఆగిపోయింది. మేస్త్రి చేతిలో గ్లాసు పెదవి దాకా వచ్చి అక్కడే నిలిచింది. అమ్మడు గ్లాసు బల్ల మీద పెట్టి లారీ వైపు వెళ్లింది.

“ఇప్పటికైనా వినబడిందా?” అంది భార్య.

“నేను... దానికేదీ తక్కువ కాకూడదని...”

“తక్కువ కాకూడదని మొత్తం ఊడ్చేశారు. చదువుకోవడానికి వెళ్లే పిల్లని, ఇక తిరిగి రాదన్నట్టు సాగనంపారు. రాత్రంతా అటు తిరిగి పడుకుంది. ఏడ్చిందో లేదో నేనడగలేదు, అదీ చెప్పలేదు.”

మిగిలిన దారంతా మేస్త్రి తన చేతుల వైపే చూసుకుంటూ కూర్చున్నాడు. పద్దెనిమిదేళ్లు పెరిగిన ఇంట్లో తనకిక చోటు లేదని పిల్ల అనుకుంటోంది. సాయంత్రం లోపు ఆ మాట దాని మనసులోంచి తీసేయకపోతే, హాస్టల్ మెట్లు ఆ బరువుతోనే ఎక్కుతుంది. బరువులు దించడమే బతుకైన మనిషికి ఈ ఒక్కటీ ఎక్కడ పట్టి ఎత్తాలో తోచలేదు.

హాస్టల్ ఆవరణ జాతరలా ఉంది. తండ్రులు ట్రంకుపెట్టెలు మోస్తున్నారు, తల్లులు బకెట్లు పట్టుకుని వెనకాల నడుస్తున్నారు. పిల్లలేమో ఆ ఇద్దరూ తమవాళ్లు కానట్టు నాలుగడుగులు ముందు పోతున్నారు. గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్న వార్డెనమ్మ లారీ వెనక తలుపు తెరవగానే కళ్లద్దాలు సవరించుకుంది.

“ఏమండీ, ఇదంతా ఒక్క అమ్మాయికేనా?”

“అవునమ్మా.”

“కాగితం చదవలేదా? ఒక ట్రంకు, ఒక సంచి, ఒక పరుపు చుట్ట. మంచం మేమిస్తాం. గదికి ఇద్దరు. మీరు ఇల్లే ఎత్తుకొచ్చారు!”

చుట్టుపక్కల ఉన్నవాళ్లు నవ్వారు. మేస్త్రికి ఆ నవ్వు పెద్దగా తగల్లేదు. అమ్మడి మాటే తగిలింది.

“అన్నీ పైకెక్కించు నాన్నా. మూడో అంతస్తు. వెనక్కి తీసుకెళ్లి మాత్రం ఎక్కడ పెడతావు?”

“అమ్మాయ్, రూలంటే రూలే,” అంది వార్డెనమ్మ.

“అయితే వరండాలో పెట్టుకుంటాను మేడమ్. ఇవి తప్ప నాకు ఇంకెక్కడా ఏమీ లేవు.”

భార్య ఏదో అనబోతే మేస్త్రి చెయ్యి అడ్డం పెట్టాడు. లారీ వెనక్కి ఎక్కి, ఒక పెట్టె మీద కూర్చుని, పక్క పెట్టె చూపించాడు. “ఒక్క రెండు నిమిషాలు రా తల్లీ.”

అమ్మడు ఎక్కింది గానీ కూర్చోలేదు.

“నా పని తప్పింది,” అన్నాడు మేస్త్రి.

ఇన్నేళ్లలో ఆయన నోట ఆ మాట జట్టులో ఎవరూ వినలేదు. కింద నిలబడ్డ డ్రైవరు తాడు చుట్టడం మానేసి అటు తిరిగి నిలబడ్డాడు.

“నాకు ఖాళీ చేయడం ఒక్కటే వచ్చమ్మా. ఎవరైనా వెళ్తున్నారంటే చేతులు వాటంతటవే పెట్టె మూతల మీదకి పోతాయి. నువ్వు వెళ్తున్నావంతే, ఇల్లు మారడం లేదని నా బుర్రకెక్కలేదు.”

“మరి ఇప్పుడు? గదిలో గోడలు తప్ప ఏముంది?”

“అన్నీ ఎక్కడివక్కడ పెట్టేస్తాను.”

“ఎక్కడివక్కడ అంటే? ఏది ఎక్కడుందో నీకేం తెలుసు? నువ్వెప్పుడైనా నా గదిలోకి వచ్చావా?”

“ఖాళీ చేసేముందు చూశాను కదా. తలుపు తీయగానే ఎడమవైపు పుస్తకాల అలమర. పైఅరలో లెక్కల పుస్తకాలు, వాటి మీద అడ్డంగా నీ స్కూలు ఫోటో. మంచం తల తూర్పుకి. తలగడ దగ్గర గోడకి నూనె మరక, నువ్వు ఆనుకుని చదివేచోట. బల్ల మీద దీపం ఎడమపక్కన, ఎందుకంటే ప్లగ్గు అటే ఉంది. అద్దం నీ భుజం ఎత్తులో, కొంచెం కుడికి ఒరిగి.”

అమ్మడు కూర్చుంది.

“కిటికీ గట్టు మీద?”

“రాళ్లు. ఐదు. పెద్దది కుడివైపు చివర.”

“తప్పు. ఆరు.”

“గట్టు మీద ఐదే. ఆరోది బల్ల మీద, కాగితాలు ఎగరకుండా.”

ఓడిపోయానని ఒప్పుకోవడం ఇష్టంలేని నవ్వొకటి అమ్మడి పెదవి చివర కనిపించింది. “సరే, క్యాలెండర్ తలుపు వెనక ఎందుకు తగిలించానో చెప్పు చూద్దాం.”

“గోడకి కన్నం. మంచం ఒక్కదానివే జరపబోయి కోడుతో పొడిచావు. సున్నం కలిపి పూడ్చేశాను.”

“పూడ్చేశావా! నాన్నా, అది నా కన్నం! రెండేళ్లుగా మీ ఇద్దరికీ తెలియకుండా కాపాడుకున్నాను.”

“కావాలంటే మళ్లీ పొడుస్తాలే,” అన్నాడు మేస్త్రి. ఆయన నిజంగానే అన్నాడు. అమ్మడు ముఖం మోకాళ్ల మీద పెట్టుకుని నవ్వింది, కాసేపటికి కళ్లు తుడుచుకుంది. కింద నుంచి భార్య గొంతు వినిపించింది. “ఏ కన్నం? ఎవరు పొడిచారు?”

“నీకు తర్వాత చెప్తాలే అమ్మా!”

అమ్మడు లేచింది. “సరే. ఏవి ఉంచుకోవాలో నేను చూసుకుంటాను. నువ్వు ముట్టుకోకు.”

అలా పెట్టెలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. మేస్త్రికి అది కష్టకాలం. తన కళ్లెదుటే తన పొందికంతా చిందరవందర అవుతుంటే చెయ్యి ఊరుకోదు. ముడుచుకుని జేబుల్లో పెట్టుకున్నా ఊరుకోదు. చివరికి భార్యే దారి చూపించింది. “అక్కడ మెట్ల మీద ఎవరి ట్రంకో ఇరుక్కుంది. వెళ్లి మీ చేతుల తీట తీర్చుకోండి.”

రెండో అంతస్తు మలుపులో ఒక తండ్రి చెమటలు కక్కుతూ ట్రంకుని గోడకేసి తోస్తున్నాడు. మేస్త్రి మోచెయ్యి ఆనించి చూశాడు. “పడుతుందండీ. నిలబెట్టండి. గొళ్లెం ఉన్నవైపు లోపలికి. ఆ, ఇప్పుడు తిప్పండి.” నీళ్లలో చేప తిరిగినట్టు ట్రంకు తిరిగిపోయింది. ఆ తర్వాత ఆయన్ని వదిలినవాళ్లు లేరు. పరుపు మోయలేని తల్లికి దాన్ని నడుముకి ఆనించి పట్టుకోవడం నేర్పాడు. రెండు మంచాలు, రెండు బల్లలు పట్టక కొట్టుకుంటున్న గదిలో ఒక మంచం పక్కకి తిప్పి, నడవడానికి దారి తీశాడు. ఆ గది చూసి పక్క గదివాళ్లు పిలిచారు, వాళ్లని చూసి ఎదుటి గదివాళ్లు. ప్రతిచోటా ముందు పిల్లలనే అడిగాడు. “మంచం ఎటు ఉంటే నిద్ర పడుతుంది నీకు?” తల్లిదండ్రులు జవాబు చెప్పబోతే, “ఉండండి, పడుకునేది తను కదా” అన్నాడు. నిన్నటిదాకా పిల్లలని అలా అడగడం ఆయనకీ తెలియదు.

మధ్యాహ్నానికి వార్డెనమ్మ మూడో అంతస్తుకి వచ్చి వరుసగా గదులు చూసింది. “ఏళ్ల తరబడి ఈ మంచాలు ఇలాగే ఉన్నాయి. ఇంత చోటుందని మాకే తెలియదు. మీరు ఏ అమ్మాయి నాన్నగారు?”

మేస్త్రి చెప్పేలోపు వెనక నుంచి అమ్మడు అందుకుంది. “మా నాన్నే మేడమ్. ఇల్లు ఎత్తుకొచ్చింది ఈయనే.”

ఆమె చేతిలో ఒక ట్రంకు, ఒక సంచి ఉన్నాయి. కాగితంలో రాసినదానికి ఒక్క రాయి ఎక్కువ. బల్ల మీదిది. దాన్ని చూసీ చూడనట్టు వార్డెనమ్మ కిందికి దిగిపోయింది.

వెనక్కి వెళ్లాల్సినవి పదమూడు పెట్టెలు. పన్నెండింటికి మేస్త్రి టేపు వేశాడు. పదమూడో దాన్ని అమ్మడు తనే కట్టింది. ఏముందో చెప్పలేదు. తాడు అడ్డదిడ్డంగా చుట్టి, పైన బూటు లేసులా ముడివేసింది. “ఇది విప్పొద్దు. నేను వచ్చి విప్పుతాను. ఇంకో మాట, మంచం తల తూర్పుకి వద్దు. కిటికీ వైపు తిప్పు. అద్దం నిటారుగా పెట్టకు, నాకు ఒరిగుంటేనే అలవాటు.”

“అలమర?”

“ఆలోచించి ఫోన్లో చెప్తాను.”

బయల్దేరేటప్పుడు ఆమె గేటు దాకా వచ్చింది. తల్లి వంద జాగ్రత్తలు చెప్పింది. తండ్రేమో కూతురు భుజం మీద, బరువు సరిగ్గా కూర్చుందో లేదో చూసే అలవాటుతో, అరచెయ్యి ఒకసారి వేసి తీశాడు.

మర్నాడు పొద్దున టీ తాగి మేస్త్రి గదిలోకి దిగాడు. ఖాళీ చేయడానికి రెండు గంటలు పట్టిన గదిని నింపడానికి నాలుగు పట్టింది. మేకులు పాత కన్నాల్లోనే కొట్టాడు. గట్టు మీద ఐదు రాళ్లు పేర్చి, పెద్దదాన్ని కుడిచివర పెట్టాడు. మధ్యాహ్నం భోజనం విరామంలో అమ్మడు ఫోన్ చేసింది. భార్య ఫోను ఎత్తి పట్టుకుని గది నాలుగు మూలలూ చూపించింది.

“అలమర కుడివైపుకి మార్చు నాన్నా.”

మార్చాడు.

“ఊహూఁ, బాగాలేదు. పాత చోటుకే.”

మార్చాడు.

“పాత చోటుకే గానీ, ఒక జానెడు ముందుకి.”

“మీ కస్టమర్లు కూడా ఇలాగే ఏడిపిస్తారా?” అంది భార్య, ఫోను పట్టుకున్న చెయ్యి మార్చుకుంటూ.

“ఇంత ఎవరూ ఏడిపించలేదు,” అన్నాడు మేస్త్రి, మూడోసారి అలమర కింద భుజం పెడుతూ. ముఖంలో అలసట మచ్చుకైనా లేదు. పరాయి ఇల్లనుకున్నవాళ్లు ఇలా పెత్తనం చేయరు.

“వచ్చే నెల వస్తాను. నేను కళ్లతో చూసేదాకా పని అయినట్టు కాదు,” అని చెప్పి అమ్మడు ఫోన్ పెట్టేసింది. తరగతికి వేళైందట.

గది మధ్యలో ఇంకా ఒక పెట్టె ఉంది. మేస్త్రి దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. తాడు వదులు, ముడి వట్టి ముడి; కొంచెం లాగితే ఊడిపోతుంది. చెయ్యి దానంతటదే ముందుకి వెళ్లింది.

“ఏవండోయ్,” అంది భార్య గుమ్మంలోంచి.

మేస్త్రి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ముడి కదలకుండా పెట్టెని రెండు చేతులా అడుగునుంచి ఎత్తి, మంచం పక్కన, అమ్మడు రాగానే కాలికి తగిలేచోట పెట్టి బయటికి వచ్చాడు.